ఫోటోలు ఇంట్లో ప్రింట్ చేసుకోవాలా, ల్యాబ్‌కు ఇవ్వాలా? తేల్చుకునే విధానం, అడుగడుగునా

రీలు కెమెరాల కాలంలో ఈ ప్రశ్నే ఉండేది కాదు. 36 ఫోటోల రీలు పూర్తయితే స్టూడియోలో ఇచ్చి, కడిగించి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో వేల ఫోటోలు పోగవుతున్నా కాగితం మీదికి వచ్చేవి ఏడాదికి పదో ఇరవయ్యో ఉంటాయి. ఆ కొద్దిపాటి ఫోటోల కోసం ప్రింటర్ కొనుక్కోవాలా, ల్యాబ్‌కు వెళ్లాలా అన్నది చాలామందికి ధరల లెక్కగా కనిపిస్తుంది. ధర సంగతి తరువాత చూడవచ్చు. ముందు చూడవలసింది వాడకం. ఇంట్లోని ఇంకు ప్రింటరైనా, ల్యాబ్‌లోని పెద్ద యంత్రమైనా తరచుగా నడుస్తూ ఉంటేనే సరైన రంగులిస్తుంది, పని లేకుండా కూర్చుంటే రెండూ చెడిపోతాయి. కాబట్టి మీకు కావలసిన రకం ఫోటో కోసం ఏ యంత్రం రోజూ కదులుతూ ఉంటుందో కనిపెట్టడమే ఈ ఎంపికలో అసలు పని. కింది అడుగులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

మొదటి అడుగు: గత రెండేళ్ల ఫోటోల చిట్టా రాయండి

ఇకమీదట ఎన్ని ఫోటోలు కాగితం మీద తీయించాలని మీరు అనుకుంటున్నారో దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఎందుకంటే ఆ సంఖ్య ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. గడిచిన రెండేళ్లలో నిజంగా ఏయే ఫోటోలు కాగితం మీద అవసరపడ్డాయో ఒక కాగితం మీద రాయండి. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఎన్నిసార్లు, పిల్లల బడి ప్రాజెక్టులకు ఎన్నిసార్లు, బారసాల లేదా గృహప్రవేశం ఫోటోలు ఎన్ని, గోడకు పెట్టుకున్నవి ఎన్ని. ఒక్కో దాని పక్కన సైజు, ఎంత తొందరగా కావలసి వచ్చింది, బయటివాళ్లు చూసినా ఫర్వాలేదా అన్న మూడు సంగతులూ రాయండి.

ఈ చిట్టా పూర్తయ్యేసరికి కొన్ని నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. పెళ్లి ఆల్బమ్‌లలో తెరిస్తే 12×36 అంగుళాలు పరుచుకునే షీట్లు ఉంటాయి. అది ఇంట్లో అయ్యే పని కాదు. ఎ4 కాగితానికి మించిన ఏ ఫోటో అయినా ల్యాబ్‌దే. ఏడాదికి ఒకసారి, యాత్ర నుంచి వచ్చాక ఒక్కసారిగా వంద ఫోటోలు తీయించే అలవాటు ఉన్నవారికి కూడా ల్యాబే మేలు, ఎందుకంటే మిగతా పదకొండు నెలలు ఇంట్లో ప్రింటర్ ఖాళీగా కూర్చుంటుంది. వారం వారం రెండు మూడు ఫోటోలు కావలసిన ఇల్లు మాత్రం ప్రింటర్‌కు తగిన ఇల్లు. చిన్న పిల్లలు ఉండి, డైరీలోనో స్క్రాప్‌బుక్‌లోనో ఫోటోలు అంటించే అలవాటు ఉన్నవారు, కుట్టిన బట్టలనో వంటకాలనో అమ్ముకుంటూ నమూనా ఫోటోలు చూపవలసినవారు, ఫోటోగ్రఫీని సాధన చేస్తున్నవారు ఈ కోవలోకి వస్తారు.

పాస్‌పోర్ట్ సైజు ఫోటోల గురించి ఒక మాట. 3.5×4.5 సెంటీమీటర్ల ఫోటోలు ఒక 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. అందువల్ల ఇంట్లో ప్రింటర్ ఉంటే ఇవి చవకగా వస్తాయి. అయితే మన దేశంలో పాస్‌పోర్ట్ కోసం వెళ్లేవారికి సేవా కేంద్రంలోనే ఫోటో తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్లని నేపథ్యంతో ఉన్న ఫోటో తీసుకువెళ్లాలి. అమెరికా వీసాకు అడిగేది 2×2 అంగుళాల చదరపు ఫోటో. కొలతలు, నేపథ్యం, ముఖం ఎంత భాగం ఉండాలన్నవి దరఖాస్తును బట్టి మారతాయి కనుక, వీటి కోసమే ప్రింటర్ కొనడం కంటే వీధి చివరి స్టూడియోకు వెళ్లడం సుఖం.

రెండవ అడుగు: ఏ యంత్రం ఏం చేస్తుందో తెలుసుకోండి

"ల్యాబ్ ప్రింట్" అన్న మాటకు ఒక్క అర్థం లేదు. ఫ్యూజీ ఫ్రాంటియర్, నోరిట్సు వంటి యంత్రాలున్న కలర్ ల్యాబ్‌లలో సంప్రదాయ పద్ధతిలో అయితే, వెండి లవణాలు పూసిన కాగితం మీద లేజర్ కాంతితో బొమ్మను పడేసి, ఆ కాగితాన్ని రసాయనాలలో ముంచి, కడిగి, ఆరబెడతారు. కడిగించడం అన్న మన పాత మాట ఇక్కడ ఇప్పటికీ అక్షరాలా నిజం. ఈ పద్ధతిలో ఇంకు చుక్కలు ఉండవు. రంగు కాగితపు పొరల్లోనే పుడుతుంది. అందుకే చర్మపు ఛాయలలో, ఆకాశంలో ఒక రంగు నుంచి మరో రంగుకు మారే చోట మెత్తదనం కనిపిస్తుంది. పైగా ఆ ప్రింటు నీటి చుక్కకు, వేలి తాకిడికి సులువుగా చెదరదు.

ఇదే పద్ధతికి ఒక బలహీనత ఉంది. రసాయనాలు సరైన బలంలో ఉండాలంటే రోజూ తగినంత కాగితం వాటిలో నడవాలి. పని లేని యంత్రంలో రసాయనాలు మురిగి, తెలుపు పసుపుకో గులాబీకో తిరుగుతుంది. మంచి ల్యాబ్‌లు నియంత్రణ పట్టీలు (రంగులను సరిచూసే పరీక్ష కాగితాలు) నడిపి ఈ తేడాను కొలుస్తూ ఉంటాయి. కాబట్టి రోజంతా పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు వచ్చి పోయే ల్యాబ్, అద్దాల తలుపులతో మెరిసిపోతూ ఖాళీగా ఉన్న ల్యాబ్ కంటే నయం. రద్దీకి మరో ముఖం కూడా ఉంది. మాఘమాసం ముహూర్తాల రోజుల్లో మీ పది ఫోటోలను పట్టించుకునే తీరిక ఆపరేటర్‌కు ఉండదు, ఆషాఢంలో అయితే కూర్చోబెట్టి మాట్లాడతాడు.

రెండో రకం డ్రై ల్యాబ్. ఇందులో రసాయనాలు, కడగడం ఉండవు. ఇది నిజానికి పెద్ద రోలు కాగితం మీద వేగంగా పనిచేసే ఇంకు ప్రింటరే. నాణ్యత బాగానే ఉంటుంది, కానీ ఇది ఇంటి ప్రింటర్‌కు అన్నయ్యే తప్ప వేరే జాతి కాదు. మూడో సంగతి చాలామందికి తెలియదు. చిన్న ఊళ్లలోని స్టూడియోలలో ఎక్కువ వాటికి సొంత ల్యాబ్ ఉండదు. అప్పటికప్పుడు కావలసిన ఫోటోలను బల్ల మీది ఆరు రంగుల ఇంకు ప్రింటర్‌లో తీసి ఇస్తారు, పెద్ద సైజులను విజయవాడో రాజమండ్రో హైదరాబాదో పంపించి మరునాడు తెప్పిస్తారు. అంటే మీరు బయట తీయించుకున్న ఫోటో, మీ ఇంట్లో వచ్చే ఫోటో ఒకే రకం యంత్రం నుంచి వచ్చి ఉండవచ్చు. "ఇది ఇక్కడే తీస్తారా, ల్యాబ్‌కు పంపుతారా? సిల్వర్ పేపరా, ఇంకుజెట్టా?" అని నేరుగా అడగడంలో తప్పు లేదు. చెప్పడానికి ఇష్టపడని చోట, పనికిరాని ప్రింటు మూల మీద ఒక నీటి చుక్క వేసి కాసేపటికి తుడిచి చూడండి. చౌక కాగితం మీది ఇంకు అయితే రంగు కారుతుంది.

ఇక ఇంటి ప్రింటర్లు. లేజర్ ప్రింటర్‌ను ఫోటోల కోసం లెక్కలోంచి తీసేయండి. అంతేకాదు, ఇంకుజెట్ కోసం తయారైన మెరుపు కాగితాన్ని అందులో పెడితే వేడికి పూత కరిగి లోపల అంటుకుపోయే ప్రమాదం ఉంది. సీసాలతో ఇంకు నింపుకునే నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్లు కాగితాలు, బడి ప్రాజెక్టులు, అప్పుడప్పుడు ఒక ఫోటో అన్నట్లుగా పనికి వస్తాయి. వీటిలో కొన్నింట్లో నలుపు ఇంకు అక్షరాల కోసం చేసిన పిగ్మెంట్ రకం, అంటే రంగు సన్నని రేణువులుగా ఉండేది. మెరుపు కాగితం మీద అది పనికిరాదు కనుక ప్రింటర్ మిగతా మూడు రంగులను కలిపి నలుపును తయారు చేస్తుంది, అందుకే జుట్టు ఒక్కోసారి గోధుమ రంగులో కనిపిస్తుంది. ఫోటోల కోసమే కొనేవారు ఆరు ఇంకుల ప్రింటర్ చూడాలి. ఎప్సన్ ఎల్8050లో లేత నీలం, లేత మెజెంటా (ముదురు గులాబీ వంటి రంగు) అదనంగా ఉంటాయి; కెనన్ జి570లో ఎరుపు, బూడిద రంగులు అదనం. లేత ఇంకుల వల్ల చర్మం మీద చుక్కలు కనిపించవు, బూడిద ఇంకు వల్ల నలుపు తెలుపు ఫోటోలు రంగు తిరగకుండా వస్తాయి.

వీటన్నిటికీ భిన్నమైనది డై సబ్లిమేషన్ ప్రింటర్. కెనన్ సెల్ఫీ సీపీ1500 ఈ రకానిదే. ఇందులో ద్రవ ఇంకు లేదు. రిబ్బన్‌లోని పసుపు, మెజెంటా, నీలం రంగులను వేడితో ఒకదాని తరువాత ఒకటి కాగితంలోకి ఎక్కించి, చివర ఒక రక్షణ పొర వేస్తుంది. కాగితం, రిబ్బన్ కలిపి ఒకే పెట్టెలో వస్తాయి కనుక 108 ప్రింట్ల పెట్టె ధరను 108తో భాగిస్తే ఒక్కో ఫోటో ఖర్చు పైసలతో సహా తేలుతుంది. ఆరు నెలలు అటకెక్కించి దించినా ఎండిపోయేది ఏదీ లేదు. మామూలుగా 4×6 వరకే పరిమితం కావడం, దుమ్ము పడితే తెల్ల మచ్చలు రావడం దీని లోపాలు. నా మటుకు నేను అరుదుగా ప్రింట్లు తీసుకునేవారికి ఇంకు ప్రింటర్ కంటే దీన్నే సిఫారసు చేస్తాను. వాడేసిన రిబ్బన్‌ను వెలుతురుకు పట్టి చూస్తే మీ ఫోటోల ఛాయలు అందులో కనిపిస్తాయి, కాబట్టి దాన్ని కత్తిరించి పారేయండి.

మూడవ అడుగు: మీ ఫైలు ఎంత సైజుకు తట్టుకుంటుందో కొలవండి

ఇల్లయినా ల్యాబయినా ఫైలులో లేని వివరాన్ని కాగితం మీదికి తేలేవు. ఫోటో వివరాలలో పొడవు, వెడల్పు పిక్సెళ్లలో ఉంటాయి. వాటిని 300తో భాగించండి, వచ్చినన్ని అంగుళాల వరకు ప్రింటు నిక్కచ్చిగా వస్తుంది. 4000×3000 పిక్సెళ్ల మామూలు ఫోన్ ఫోటో ఈ లెక్కన సుమారు 13×10 అంగుళాలకు సరిపోతుంది. గోడ మీద పెట్టి అడుగు రెండడుగుల దూరం నుంచి చూసేదయితే 200తో భాగించినా చాలు, అప్పుడు 20×15 వరకు వెళ్లవచ్చు.

చిక్కంతా వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలతోనే. మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. దాన్ని 4×6లో తీస్తే సరిపోతుంది, 8×12లో తీస్తే అంగుళానికి 133 పిక్సెళ్లే మిగిలి ముఖాలు మైనంలా అవుతాయి. పెళ్లిలో బంధువు తీసిన ఫోటో మీకు కావాలంటే, దాన్ని డాక్యుమెంట్‌గా పంపమనండి లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టమనండి. ఐఫోన్ ఫోటోలు హెచ్‌ఈఐసీ రూపంలో ఉంటే వాటిని జేపెగ్‌గా మార్చి ఇవ్వడం మంచిది, అన్ని ల్యాబ్‌ల కంప్యూటర్లూ వాటిని తెరవవు.

ఈ కొలత అన్నిటికంటే ఎక్కువగా అవసరమయ్యేది బరువైన సందర్భంలోనే. ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు దండ వేసే ఫోటో కోసం అందరూ ఫోన్లు వెతుకుతారు, చివరకు ఏదో పెళ్లిలో పదిమంది మధ్య ఆయన నవ్వుతూ నిలబడిన ఫోటో దొరుకుతుంది. అందులో ఆయన తల నుంచి ఛాతీ వరకు ఉన్న భాగం వెడల్పు 700 పిక్సెళ్లు అనుకుందాం. దాన్ని 12×18లో తీయిస్తే అంగుళానికి 58 పిక్సెళ్లే ఉంటాయి, ముఖం గుర్తుపట్టలేనంత చెదురుతుంది. అదే 6×8లో తీస్తే 117 దగ్గర ఉండి, నాలుగడుగుల దూరం నుంచి బాగానే కనిపిస్తుంది. కాబట్టి ఫోటోను చిన్నగా తీయించి, చుట్టూ వెడల్పాటి మౌంట్ కాగితం పెట్టి, పెద్ద ఫ్రేము కట్టించండి. ఇప్పుడు వస్తున్న కృత్రిమ మేధ పరికరాలు చిన్న ఫోటోను పెద్దది చేసి ఇస్తాయి, నిజమే. కానీ అవి లేని కనురెప్పలను, లేని ముడతలను ఊహించి గీస్తాయి. ఇంట్లోవాళ్లు చూసి "ఈయన మా నాన్నలా లేడే" అంటే ఆ పదును వల్ల ప్రయోజనం లేదు.

పాత అచ్చు ఫోటో మాత్రమే ఉంటే దాన్ని ఫోన్‌తో ఫోటో తీయకుండా 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) వద్ద స్కాన్ చేయించండి. 4×6 ఫోటో ఆ లెక్కన 2400×3600 పిక్సెళ్లు అవుతుంది, 8×12 ప్రింటుకు చాలు.

సైజు నిష్పత్తి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఫోన్ ఫోటో 4:3, కానీ 4×6 కాగితం 3:2. ఫోటో పొడవును ఆరు అంగుళాలకు సరిపెడితే ఎత్తు నాలుగున్నర వస్తుంది; అందులో అర అంగుళం, అంటే తొమ్మిదో వంతు, కాగితం బయటికి పోతుంది. తలపాగాలు, పాదాలు తెగేది ఇందువల్లే. ఎక్కడ తెంచాలో మీరే ముందుగా కత్తిరించి ఇవ్వండి, లేదా 6×8 అడగండి. ఆ సైజుకు ఫోన్ ఫోటో అచ్చంగా సరిపోతుంది.

నాలుగవ అడుగు: ఖర్చును నిజాయితీగా లెక్కించండి

ప్రింటర్ అమ్మేవారు చెప్పే ఒక్కో ఫోటో ఖర్చులో ఇంకు మాత్రమే ఉంటుంది. దానికి కాగితం, చెడిపోయిన ప్రింట్లు, హెడ్ (ఇంకు చిమ్మే భాగం) శుభ్రం చేయడానికి పోయే ఇంకు, యంత్రం ధరలో వంతు కలపాలి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ చేయండి. ప్రింటర్ 20,000 రూపాయలు, 4×6 కాగితం 5 రూపాయలు, ఇంకు 2 రూపాయలు, వృథా కింద 1 రూపాయి, ల్యాబ్‌లో అదే సైజు 12 రూపాయలు అనుకోండి. ఇంట్లో ఒక్కో ఫోటోకు 8 రూపాయలు, అంటే ల్యాబ్ మీద ఆదా 4 రూపాయలు. ప్రింటర్ ధర తిరిగి రావాలంటే 5,000 ఫోటోలు తీయాలి. ఏడాదికి 200 తీసే ఇంటికి అందుకు 25 ఏళ్లు పడుతుంది, అన్నేళ్లు ఏ ప్రింటరూ బతకదు.

కాబట్టి డబ్బు ఆదా కోసం ఇంటి ప్రింటర్ కొనడం అన్న వాదనను పక్కన పెట్టండి. అది కొనదగినది మూడు కారణాలకే. రాత్రి పదింటికి పిల్లవాడు రేపటికి ఫోటోలు కావాలన్నప్పుడు చేతిలో ఉండటం ఒకటి. రంగులను మనకు నచ్చినట్లు మళ్లీ మళ్లీ సరిదిద్దుకునే స్వేచ్ఛ రెండోది. మూడోది గోప్యత: స్నానం చేస్తున్న పసిబిడ్డ ఫోటో, ఆసుపత్రిలోని అమ్మ ఫోటో ముక్కూముఖం తెలియని కంప్యూటర్‌లో కాపీ కావాలని ఎవరూ కోరుకోరు.

అయిదవ అడుగు: ఇల్లు ఎంచుకుంటే

అన్నిటికంటే ముందు ప్రింటర్‌ను ఎండనివ్వకండి. వారానికి ఒకసారి అన్ని రంగులూ ఉన్న చిన్న బొమ్మ ఒకటి, లేదా నాజిల్ చెక్ పేజీ (ఇంకు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూపే పరీక్ష పేజీ) ఒకటి తీయండి. మన వేసవిలో ఇది మరీ అవసరం. పని అయ్యాక ప్రింటర్‌ను దాని మీటతోనే ఆపాలి. గోడ స్విచ్ కట్టేస్తే ఇంకు హెడ్ తన మూత కిందికి వెళ్లే వ్యవధి ఉండదు, తెరిచిన హెడ్ రెండు మూడు వారాల్లో మూసుకుపోతుంది. ఒక వేసవిలో నేను రెండు నెలలు ఊరికి వెళ్తూ గోడ స్విచ్ కట్టేసి వెళ్లాను. తిరిగి వచ్చాక నీలం రంగు రప్పించడానికి చేసిన హెడ్ క్లీనింగులకు సగం సీసా ఇంకు పోయింది. అలా పోయిన ఇంకు ప్రింటర్ అడుగున ఒక మెత్తలో చేరుతుంది. అది నిండితే యంత్రం పని ఆపేస్తుంది, మెత్త మార్చి, అది ఎంత నిండిందో ప్రింటర్ లోపల వేసుకునే లెక్కను మళ్లీ మొదటికి తేవలసి వస్తుంది.

కాగితం విషయంలో పిసినారితనం వద్దు. దుకాణంలో 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) అని రాసి ఉన్న చౌక మెరుపు కాగితం పొరుగువారి పిల్లల ప్రాజెక్టుకు చాలు, దాచుకునే ఫోటోకు చాలదు. ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) రకం, 230 జీఎస్‌ఎంకు పైబడినది, వీలైతే ప్రింటర్ తయారీదారుదే తీసుకోండి. బరువు ఒక్కటే నాణ్యతకు కొలత కాదు, పూత ముఖ్యం. అందుకే ముందు చిన్న ప్యాకెట్ కొని చూడాలి. విడిగా దొరికే ఇంకులు మొదటి రోజు బాగానే కనిపిస్తాయి, రంగు వెలిసే వేగంలో తేడా నెలల తరువాత తెలుస్తుంది.

ఇంట్లో ఫోటోలు చెడిపోవడానికి నేను ఎక్కువగా చూసే కారణం ప్రింటర్ కాదు, తప్పు అమరిక. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇస్తే చాలాసార్లు కాగితం రకం మామూలు కాగితంగానే ఉండిపోతుంది, దాంతో ఇంకు పరిమాణం తప్పుతుంది. తయారీదారు యాప్‌లోకి వెళ్లి, కాగితం రకంలో మీ ఫోటో కాగితాన్ని, నాణ్యతలో హై అన్నదాన్ని ఎంచుకోండి. కంప్యూటర్‌లో రంగుల సర్దుబాటును ప్రింటర్‌కు వదలాలి లేదా సాఫ్ట్‌వేర్‌కు వదలాలి, రెండూ చేస్తే రంగు రెండుసార్లు మారి ముఖాలు ఎర్రబడతాయి. అంచులు లేకుండా తీసేటప్పుడు ప్రింటర్ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు తెంచుతుంది కనుక ముఖ్యమైనదేదీ చివర్లకు ఆనించి ఉంచకండి. తీసిన ప్రింట్‌ను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఒక రోజు ఆరనిచ్చి, ఆ తరువాతే అద్దం కింద పెట్టండి.

ఆరవ అడుగు: ల్యాబ్ ఎంచుకుంటే

ఎస్‌ఆర్‌జీబీ అనే, తెరలకు మామూలుగా వాడే రంగు ప్రమాణంలో, తక్కువ కుదింపుతో దాచిన జేపెగ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో గానీ డ్రైవ్ లింకుగా గానీ ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లో ఆ ఫోటోలు తప్ప ఇంకేమీ ఉంచకండి, ఇంటికి వచ్చాక వైరస్ పరీక్ష చేయండి. సైజుకో ఫోల్డర్ చేసి, ఫోల్డర్ పేరులోనే సైజు, కాగితం రకం, ప్రతుల సంఖ్య రాస్తే రద్దీలో ఉన్న ఆపరేటర్ కూడా తప్పు చేయడు.

మాట్లాడవలసినవి రెండు మూడు ఉన్నాయి. యంత్రం దానంతట అది వెలుతురు, రంగు సరిచేస్తుంది. ఫోన్‌లో ఉన్నవి ఉన్నట్లు ఇచ్చేవారికి అది మేలే చేస్తుంది, సొంతంగా రంగులు దిద్దుకున్నవారు "కరెక్షన్ వద్దు" అని చెప్పాలి. సంధ్య వెలుగులో గోదావరి ఫోటో తీసి ఇస్తే, యంత్రం దాన్ని చీకటి ఫోటో అనుకుని మిట్టమధ్యాహ్నం చేసి ఇచ్చిన సందర్భాలున్నాయి. నిష్పత్తి కుదరని ఫోటోల అంచులు తెంచాలా, తెల్ల అంచు వదలాలా అన్నదీ ముందే చెప్పాలి. కాగితంలో గ్లాసీ (మెరుపు రకం) రంగులను మెరిపిస్తుంది కానీ వేలిముద్రలను, దీపపు వెలుగు ప్రతిబింబాన్ని పట్టుకుంటుంది. చేతులు మారే ఆల్బమ్‌కు, పూజ గది ఎదుటి గోడకు మ్యాట్ (మెరుపు లేనిది) లేదా లస్టర్ (తక్కువ మెరుపుది) నయం. పని పూర్తయ్యాక ఫైళ్లు తీసేయమని అడగండి.

అమెరికాలో ఉన్నవారికి చిన్న మార్పు. అక్కడ చాలామంది మనవాళ్లు ఫోటోల కోసం ఆధారపడిన దుకాణాల సంస్థ కాస్ట్‌కో, తన దుకాణాల్లోని ఫోటో విభాగాలను 2021 ఫిబ్రవరిలో మూసేసింది. మందుల దుకాణాలలో గంటలో ఇచ్చేవి చాలావరకు డ్రై ల్యాబ్ పద్ధతి ప్రింట్లు. వెండి కాగితం కావాలంటే తపాలాలో పంపే ల్యాబ్‌లలో వెతకాలి.

ఏడవ అడుగు: నాలుగు ఫోటోలతో పరీక్షించండి

పెద్ద ఆర్డరుకు ముందు, లేదా ప్రింటర్ కొనే ముందు, ఒకే నాలుగు ఫోటోలను 4×6లో రెండు చోట్ల తీయించండి. ఒకటి పగటి నీడలో తీసిన ముఖం, ఒకటి ఎరుపు లేదా మెజెంటా పట్టుచీర, ఒకటి తెల్ల పంచె లేదా తెల్ల గోడ, ఒకటి రాత్రి ఫోటో. చర్మం సహజంగా ఉందా, చీర జరీలో గీతలు విడివిడిగా ఉన్నాయా, తెలుపు నిజంగా తెలుపేనా, నల్లటి జుట్టులో పోగులు కనిపిస్తున్నాయా అని కిటికీ వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద తీర్పు ఇవ్వకండి. ప్రింటర్ ఉన్న మిత్రులను అడిగితే ఇంటి ప్రింటు ఎలా ఉంటుందో కొనకుండానే తెలుస్తుంది.

అన్ని ప్రింట్లూ ఫోన్ తెర కంటే చీకటిగా కనిపిస్తే కంగారు పడకండి. తెర వెలుగును చిమ్ముతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగునే తిరిగి ఇస్తుంది. తెర వెలుతురును సగానికి తగ్గించి మళ్లీ పోల్చండి. అప్పటికీ చీకటిగా ఉంటేనే ఫైలులో వెలుతురు కాస్త పెంచాలి.

ఎనిమిదవ అడుగు: చేతికి వచ్చిన ఫోటోను కాపాడండి

ఎక్కడ తీసినా ఫోటోకు శత్రువులు ఎండ, తేమ, గాలి. డై ఇంకుతో (రంగు ద్రవంలో కరిగి ఉండే ఇంకు) తీసిన ఇంటి ప్రింటు గాలి తగిలేలా గోడకు అంటిస్తే తొందరగా వెలిసిపోతుంది, అద్దం కిందో ఆల్బమ్‌లోనో ఉంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. పిగ్మెంట్ ఇంకు, వెండి కాగితం ఇంకా మెరుగు. ఫ్రేములో అద్దం నేరుగా ఫోటోను తాకకూడదు. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ల తేమకు ఫోటో అద్దానికి అతుక్కుంటే ఊడదీయడం కుదరదు. మధ్యలో మౌంట్ కాగితం పెట్టమని ఫ్రేములు కట్టేవారికి చెప్పండి. జిగురు పేజీల మీద పరిచి పైన ప్లాస్టిక్ పొర కప్పే పాత రకం ఆల్బమ్‌ల జోలికి పోకండి, ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఫోటోలోకి దిగుతుంది. దండ వేసే ఫోటోకు ఎదురుగా బల్బు పెట్టకుండా పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి, అగరుబత్తిని కాస్త దూరంగా ఉంచండి.

ఫోటో వెనుక పేర్లు, ఊరు, తేదీ రాసేటప్పుడు బాల్ పెన్ను వాడితే ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది, ఆర్‌సీ కాగితం మీద పెన్సిల్ అంటదు. వెంటనే ఆరే సన్నని పర్మనెంట్ మార్కర్‌తో, ముఖాలు లేని అంచు వెనుక రాసి, పూర్తిగా ఆరాకే మరో ఫోటోను దాని మీద పెట్టండి.